యూనిఫారానికి ఐదవ ఆజ్ఞ వర్తించదా?





కొన్ని వారాల క్రితం ఆదివారం దివ్యబలిపూజ ముగిసి నేను గుడి బయటికి వచ్చేసరికి, మైపాడు వైపు పల్లె నుండి వచ్చిన ఒక తల్లి అరుగు పక్కన నిలబడి ఉంది. ఆమె కొడుకు సైన్యంలో చేరి నాలుగేళ్లయింది. ఈశాన్య రాష్ట్రాలలో ఎక్కడో డ్యూటీ. కొంగు ముడి విప్పి పూజ కానుక నా చేతిలో పెట్టింది. “ఏ ఉద్దేశానికమ్మా పూజ?” అని అడిగాను. ఆమె ఇలా చెప్పింది: “నా బిడ్డ ఎవురి చేతిలోనూ చావకూడదు సామీ. వాడి చేతిలో ఏ పాపం ఎరగనోళ్లు చావకూడదు. రెండూ అడగండి.”

ఆ ప్రార్థనలో మొదటి సగం మనమందరం చేసేదే. ఇందుకూరుపేట చుట్టుపక్కల పల్లెల నుండి సైన్యానికి వెళ్లిన బిడ్డల కోసం పూజలు పెట్టించుకొనే తల్లిదండ్రులు నాకు తెలుసు. కాని రెండవ సగం చాలా అరుదుగా వింటాము. సైనికుడి చేతిలో ఆయుధం లేని మనిషి చనిపోతే ఆ ప్రాణానికి లెక్క చెప్పవలసింది ఎవరు? ఎవరికి చెప్పాలి? ఈ వారం మన పాఠం ఆ తల్లి అడిగిన రెండవ సగాన్ని గురించి.

సైనికుడు హంతకుడు కాడు

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. సైన్యంలో చేరడమే పాపమని శ్రీసభ ఎన్నడూ బోధించలేదు. లూకా సువార్త 3వ అధ్యాయంలో సైనికులు స్నాపక యోహాను వద్దకు వచ్చి, తాము ఏమి చేయాలని అడిగారు. ఆయన వారిని కత్తి పారవేయమనలేదు. ఎవరినీ బెదిరించి సొమ్ము గుంజవద్దనీ, అబద్ధపు నేరాలు మోపవద్దనీ, తమ జీతంతో తృప్తి చెందమనీ చెప్పాడు. కఫర్నాములోని శతాధిపతి విశ్వాసాన్ని చూసి యేసు ప్రభువే ఆశ్చర్యపడ్డాడు. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో పేతురు గారి చేత జ్ఞానస్నానం పొందిన కొర్నేలి కూడా సైన్యాధికారే. దేశ భద్రత కోసం నిజాయితీగా పనిచేసే సైనికులు శాంతికి తోడ్పడుతున్నారని రెండవ వాటికన్ మహాసభ చెప్పింది.

ఐతే అదే మహాసభ మరో మాట కూడా చెప్పింది. యుద్ధం మొదలైనంత మాత్రాన అన్ని పనులూ ధర్మమైపోవు. పోరాటంలో లేని సామాన్య ప్రజలను, గాయపడినవారిని, పట్టుబడిన ఖైదీలను మానవత్వంతో చూడాలని శ్రీసభ సత్యోపదేశం బోధిస్తుంది. వారిని ఉద్దేశపూర్వకంగా చంపితే అది నరహత్యే. యూనిఫారం వేసుకొని చేసినా నరహత్యే. ఐదవ ఆజ్ఞలో సైనికునికి ప్రత్యేకమైన మినహాయింపు ఏదీ రాయబడలేదు.

“యుద్ధంలో పొరపాట్లు జరగవా ఫాదర్?” అని మీరు అడగవచ్చు. జరుగుతాయి. మేజర్ సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు ‘ద్వంద్వ ఫలితం’ అనే సూత్రాన్ని మాకు నేర్పారు. ఒకే పనికి మంచి ఫలితమూ చెడు ఫలితమూ రెండూ కలిగినప్పుడు ఆ పని ధర్మమా కాదా అని తేల్చే సూత్రమిది. దీన్ని మన పెన్నా డెల్టా రైతుకు మూడు మాటల్లో చెప్పవచ్చు. వరద వచ్చింది. ఊరు మునిగిపోతుందని కాలువ కట్ట ఒక చోట తెంచారు. ఊరు బతికింది. పక్కవాడి చేను మునిగింది. ఇది పాపమా? మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కట్ట తెంచినవాడి ఉద్దేశం ఊరిని కాపాడడమా, పక్కవాడి మీద కక్ష తీర్చుకోవడమా? పోయిన చేను కంటే మిగిలిన ఊరు పెద్దదా? చేలో గుడిసె వేసుకొని కావలి పడుకొన్నవాడిని ముందుగా లేపి పంపారా?

ఉద్దేశం, తగిన కారణం, ముందుజాగ్రత్త. తుపాకి పేల్చే సైనికునికి కూడా ఈ మూడు ప్రశ్నలే వర్తిస్తాయి. మూడింటికీ మంచి సమాధానం ఉంటే అది దుఃఖకరమైన ప్రమాదం. లేకపోతే అది నేరం. ఐతే ప్రమాదమో నేరమో తేలాలంటే ఎవరో ఒకరు ఆ ప్రశ్నలు అడగాలి గదా? కట్ట తెంచినవాడు తన తీర్పు తానే చెప్పుకుంటే చేను పోగొట్టుకొన్నవాడు ఒప్పుకుంటాడా? న్యాయ విచారణ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

మన తెలుగు నేల మీద జరిగిన సంగతి

ఇదంతా ఎక్కడో దూర దేశాల సంగతి అనుకోకండి. మన పక్కనే, 1948లో జరిగింది. అప్పుడు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. హైదరాబాదు సంస్థానం నిజాం పాలనలో ఉండేది. నిజాంకు అండగా నిలిచిన రజాకార్లు పల్లెల మీద పడి దోపిడీలు, హత్యలు చేశారు. 1948 ఆగస్టు 27న తెలంగాణలోని బైరాన్‌పల్లి గ్రామస్థులను వరుసగా నిలబెట్టి కాల్చిన సంగతి ఇప్పటికీ ఆ ప్రాంతంలో కన్నీళ్లతో చెప్పుకుంటారు. ఆ బాధను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

సెప్టెంబరు 13న భారత సైన్యం పడమట షోలాపూరు వైపు నుండి, తూర్పున బెజవాడ వైపు నుండి సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోతున్నట్లు ప్రకటించాడు. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. టాంకులతో నడిచిన ఈ చర్యకు ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు. చిన్నప్పుడు మేము పాఠ్యపుస్తకంలో చదివింది దాదాపు ఇంతే.

చదవనిది ఏమిటంటే, ఆ రోజుల్లోనూ ఆ తరువాతి వారాల్లోనూ సంస్థానంలోని అనేక జిల్లాలలో వేలాది ముస్లిములు చంపబడ్డారు. వారిలో అత్యధికులు రజాకార్లు కారు. రైతులు, నేతగాళ్లు, చిల్లర వ్యాపారులు. ఈ వార్తలు దిల్లీకి చేరగా, ప్రధానమంత్రి నెహ్రూ ప్రభుత్వం పండిత సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. 1948 నవంబరు చివరి నుండి డిసెంబరు వరకు ఈ బృందం సంస్థానంలోని 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగింది. తాము వెళ్లలేకపోయిన 109 గ్రామాల నుండి వచ్చిన 500 మందికి పైగా ప్రజలను కలిసి వారి మాట విన్నది.

వారి నివేదిక ప్రకారం పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా ప్రాణాలు కోల్పోయినవారు తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 మంది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. ఇవి నేడు మహారాష్ట్ర, కర్ణాటకలలో ఉన్నాయి. మృతుల సంఖ్య గురించి చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. చంపినవారిలో ఎక్కువమంది గుంపులుగా వచ్చిన జనమే. కాని కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు లూటీలను ప్రోత్సహించారనీ, కొన్ని ఊళ్లలో సైనిక దళాలవారే ముస్లిం మగవారిని బయటికి తెచ్చి చంపారనీ ఆ నివేదిక రాసింది.

అదే నివేదిక మరి రెండు సంగతులు కూడా నిజాయితీగా నమోదు చేసింది. మొత్తం మీద సైన్యం క్రమశిక్షణను, దానికి నాయకత్వం వహించిన మేజర్ జనరల్ చౌధురి నిష్పక్షపాతాన్ని మెచ్చుకొన్నది. కొన్ని చోట్ల హిందూ నేతగాళ్లు తమ తోటి ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి తమ ప్రాణాలనే పోగొట్టుకొన్నారని రాసింది. నిజం చెప్పేవాడు ఎదుటివాడి మంచిని దాచడు, తనవాడి చెడును దాచడు. నివేదిక అంటే అలా ఉండాలి.

మరి ఆ నివేదిక ఏమయింది? ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. దానిపై బహిరంగ విచారణ జరగలేదు. కొన్ని భాగాలు పరిశోధకుల పుస్తకాలలో వెలువడినా, దిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది చూడడానికి లభిస్తున్నదన్న సంగతి 2013లో గాని జనానికి తెలియలేదు. అప్పటికి 65 ఏళ్లు గడిచాయి. ఆనాటి విధవలు, అనాథలు చాలామంది ఆ కాగితం చూడకుండానే కన్నుమూశారు.

రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీని అరెస్టు చేశారు, న్యాయస్థానంలో విచారించారు. అతడు 1957 వరకు జైలులో ఉన్నాడు. అది న్యాయమే. ఓడినవాడి నేరం కోర్టుకు వెళ్లింది. గెలిచినవారి వైపు నేరం బీరువాలోకి వెళ్లింది. దేవుని త్రాసులో రెండు రకాల తూకపు రాళ్లు ఉండవు.

చట్టం ఏమంటున్నది?

“అది పాత కథ. ఇప్పుడు చట్టాలున్నాయి గదా?” అంటారేమో. ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో ప్రతి కుటుంబం తెలుసుకోవాలి.

యుద్ధ సమయంలో ఆయుధం పట్టనివారిని రక్షించాలని 1949లో దేశాలన్నీ కలిసి జెనీవాలో ఒప్పందాలు చేసుకొన్నాయి. వాటిని అమలు పరచడానికి మన పార్లమెంటు 1960లో చట్టం చేసింది. ఇక 1950 నాటి సైన్య చట్టం ప్రకారం, సైనికుడు ఒక పౌరుణ్ణి హత్య చేస్తే మామూలుగా ఆ కేసు మనందరికీ వర్తించే నేర న్యాయస్థానానికే వెళ్లాలి. అతడు యుద్ధ విధులలో ఉన్నప్పుడు, దేశం బయట ఉన్నప్పుడు, లేదా ప్రభుత్వం ప్రకటించిన సరిహద్దు స్థావరంలో ఉన్నప్పుడు మాత్రం సైన్యం తన సొంత కోర్టులో విచారించవచ్చు. దానినే కోర్టు మార్షల్ అంటారు.

ఇవిగాక 1958లో సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం వచ్చింది. కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల ఈ చట్టం కింద పనిచేసే సైనికునిపై, కేంద్ర ప్రభుత్వం ముందుగా అనుమతి ఇస్తే తప్ప ఏ కోర్టులోనూ కేసు నడపడానికి వీలులేదు. దీని వెనుక ఉన్న కారణాన్ని మనం అర్థం చేసుకోవాలి. చీకట్లో, అడవిలో, క్షణంలో నిర్ణయం తీసుకోవలసిన కుర్రవాడిని కక్షతో పెట్టిన కేసుల చుట్టూ తిప్పితే ఎవరు సైన్యంలో చేరతారు? కాబట్టి రక్షణ అవసరమే. కాని నిజాయితీగా పొరపాటు చేసినవానికి వేసిన పందిరి కిందకి నేరం చేసినవాడు కూడా వచ్చి నిలబడితే ఏం చేయాలి?

నాగాలాండులో జరిగింది చూడండి. 2021 డిసెంబరు 4, శనివారం. ఆగమన కాలపు రెండవ ఆదివారానికి ముందు రోజు. మోన్ జిల్లాలోని ఓటింగ్ గ్రామానికి చెందిన బొగ్గు గని కూలీలు పని ముగించుకొని సాయంత్రం ఒక చిన్న వాహనంలో ఇంటికి వస్తున్నారు. తీవ్రవాదుల కోసం కాపు కాసిన సైనిక కమాండోలు ఆ వాహనంపై కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు. బిడ్డలను వెదుక్కుంటూ వచ్చిన గ్రామస్థులకూ సైనికులకూ ఘర్షణ జరిగి ఆ రాత్రి మరి కొందరు గ్రామస్థులూ ఒక సైనికుడూ చనిపోయారు. మర్నాడు మోన్ పట్టణంలో మరొక ప్రాణం పోయింది. అంతా కలిపి 14 మంది పౌరులు. మనుషులను పొరపాటున తీవ్రవాదులుగా అనుకోవడం వల్ల ఇలా జరిగిందని కేంద్ర హోం మంత్రి పార్లమెంటులో చెప్పి విచారం వ్యక్తం చేశారు.

నాగాలాండు పోలీసులు దర్యాప్తు చేసి, 2022లో ఒక అధికారితో సహా 30 మంది సైనికులపై అభియోగపత్రం వేశారు. 2023లో కేంద్ర ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. అనుమతి లేనందున 2024 సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు ఆ కేసును మూసివేసింది. ఎప్పుడైనా అనుమతి లభిస్తే కేసు ముందుకు సాగవచ్చనీ, సైన్యం తాను కావాలనుకుంటే క్రమశిక్షణ చర్యలు తీసుకోవచ్చనీ చెప్పింది.

ఆ 30 మంది దోషులని నేను తీర్పు చెప్పడం లేదు. ఆ అధికారం నాకు లేదు. నా ప్రశ్న వేరు. కట్ట తెంచినవాడిని అడగవలసిన మూడు ప్రశ్నలను, చనిపోయినవారి తల్లులు వింటుండగా, ఒక న్యాయమూర్తి అడగలేదు. ఆ సైనికులలో నిర్దోషి ఉంటే అతడికి కూడా తన నిర్దోషిత్వం నిరూపించుకొనే అవకాశం దొరకలేదు. విచారణ లేకపోతే బాధితునికే గాక మంచి సైనికునికి కూడా అన్యాయమే జరుగుతుంది. నేరం చేసినవాడి నీడ అతని మీద కూడా పడుతుంది.

మణిపూర్ రాష్ట్రంలోని మరణాల గురించి వచ్చిన కేసులో 2016 జూలై 8న మన సుప్రీంకోర్టే ఈ విషయం స్పష్టం చేసింది. కల్లోలిత ప్రాంతంలోనైనా సరే, నేరం చేసిన సైనికునికి విచారణ నుండి సంపూర్ణ మినహాయింపు లేదని చెప్పింది. చట్టంలో వెలుగు ఉంది. కాని అనుమతి అనే తలుపు మూసి ఉంటే ఆ వెలుగు గడప దాటి రాదు.

“పై అధికారి చెప్పాడు”

విచారణ జరిగిన చోట మనం తరచుగా వినే సమాధానం ఇది. “నాకు పైనుండి ఆజ్ఞ వచ్చింది.” సైన్యంలో విధేయత లేనిదే పని నడవదు. ఐతే మన సైన్య చట్టం కూడా పై అధికారి ఇచ్చే ‘చట్టబద్ధమైన’ ఆజ్ఞను ధిక్కరించడాన్నే నేరమన్నది. ఆ ఒక్క మాట చిన్నది కాదు. గుడ్డి విధేయత పాపం నుండి కాపాడదని శ్రీసభ కూడా బోధిస్తుంది.

1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్ అనే పల్లెలో అమెరికా సైనికులు వందలాది మంది ఆడవారిని, పిల్లలను, వృద్ధులను చంపారు. పైనుండి హెలికాప్టర్ నడుపుతున్న హ్యూ థాంప్సన్ అనే యువ సైనికుడు అది చూశాడు. తన హెలికాప్టర్‌ను తమ సైనికులకూ పారిపోతున్న పల్లెవాసులకూ మధ్య దించాడు. కొందరిని కాపాడాడు. పై అధికారులకు ఫిర్యాదు చేశాడు. ఆ దళానికి చెందిన లెఫ్టినెంట్ కాలీ తనకు ఆజ్ఞ వచ్చిందని వాదించాడు. 1971లో కోర్టు మార్షల్ అతనికి 22 మంది హత్యకు గాను యావజ్జీవ శిక్ష విధించింది. కాని ఆ శిక్ష తగ్గుతూ వచ్చి 1974లోనే అతడు విడుదలయ్యాడు. అంత ఘోరానికి శిక్ష పడినవాడు అతడొక్కడే. థాంప్సన్ చేసిన పనిని అతని సైన్యం పతకంతో గౌరవించడానికి 30 ఏళ్లు పట్టింది.

ఒకే సైన్యం, ఒకే యూనిఫారం, ఒకే రోజు. ఒకడు ఆజ్ఞ వెనుక దాక్కున్నాడు. ఒకడు మనస్సాక్షి మాట విన్నాడు. మన తల్లి తన కొడుకు కోసం కోరిన పూజ ఆ రెండవవాడి కోసమే గదా?

చక్రవర్తి చేసిన పాపసంకీర్తనం

శ్రీసభ ఈ విషయంలో ఏమి చేయగలదు? ఒకసారి ఏమి చేసిందో చెబుతాను. క్రీ.శ. 390లో తెస్సలోనిక పట్టణంలో అల్లరి జరిగి ఒక రోమా సేనాధిపతిని జనం చంపారు. తెయొదోసియు చక్రవర్తి ఆగ్రహించి ఆజ్ఞ పంపాడు. సైనికులు దోషులెవరో నిర్దోషులెవరో చూడకుండా వేలాది ప్రజలను నరికివేశారు. ఆ చక్రవర్తి క్రైస్తవుడు. మిలాను పీఠాధిపతి పునీత అంబ్రోసు గారు ఆయనకు లేఖ రాసి, బహిరంగంగా ప్రాయశ్చిత్తం చేసేవరకు దివ్యసత్ప్రసాదం ఇవ్వలేనని తెలిపారు. లోకమంతటినీ ఏలే రాజు రాజవస్త్రాలు తీసివేసి, ప్రజలందరి ముందు కన్నీటితో తన పాపం ఒప్పుకొన్నాడు. ఆ క్రిస్మస్ నాటికి గాని ఆయనను మళ్లీ సత్ప్రసాద బల్ల వద్దకు చేర్చుకోలేదు. కోపంలో ఇచ్చిన మరణశిక్షలు 30 రోజులు ఆగి, మళ్లీ పరిశీలించిన తరువాతే అమలు కావాలని ఆయన చట్టం చేశాడని శ్రీసభ చరిత్రకారులు రాశారు.

చూడండి, ఆజ్ఞ ఇచ్చింది చక్రవర్తి, కత్తి ఎత్తింది సైనికులు. అంబ్రోసు గారు ముందు పట్టుకొన్నది ఆజ్ఞ ఇచ్చినవాడిని. నేటి విచారణలలో కింది సైనికుడు దొరుకుతాడు, పైవాడు దొరకడు.

మన పిల్లలకు కొత్త నన్మకు ముందు, మంచి పాపసంకీర్తనానికి కావలసిన అయిదు మెట్లు నేర్పిస్తాము. ఆత్మశోధన, పశ్చాత్తాపం, ఇక చేయననే దృఢ సంకల్పం, పాపాన్ని నోటితో ఒప్పుకోవడం, ప్రాయశ్చిత్తం. ఒక దేశం కూడా ఈ మెట్లు ఎక్కవలసిందే. ఆత్మశోధన అంటే నిష్పక్షపాతమైన దర్యాప్తు. పశ్చాత్తాపం అంటే పోయిన ప్రాణాన్ని ‘తప్పనిసరి నష్టం’ అనకుండా మనిషి ప్రాణంగా లెక్కించడం. దృఢ సంకల్పం అంటే మళ్లీ జరగకుండా నియమాలు మార్చుకోవడం. నోటితో ఒప్పుకోవడం అంటే నివేదికను బీరువాలో దాచకుండా ప్రజల ముందు పెట్టడం. ప్రాయశ్చిత్తం అంటే దోషికి తగిన శిక్ష, బాధిత కుటుంబానికి తగిన పరిహారం.

1948 విషయంలో మొదటి మెట్టు ఎక్కాము. దర్యాప్తు జరిగింది, నిజం కాగితం మీదికి వచ్చింది. నాలుగవ మెట్టు దగ్గర ఆగిపోయాము. పాపాన్ని దాచి గురువు ముందు మోకరిల్లినవాడు లేచి వెళ్లేటప్పుడు ఇంకొక పాపం మూటగట్టుకొని వెళతాడని మీకు తెలుసు. ఓటింగ్ విషయంలో హోం మంత్రి విచారం చెప్పారు, అది మంచిదే. కాని విచారణ లేని విచారంతో గాయం మానదు.

క్షమించమని యేసు ప్రభువు చెప్పలేదా అని కొందరంటారు. చెప్పాడు. ఐతే క్షమించే హక్కు గాయపడినవారిది. వారి తరఫున మనం క్షమించేసి ఫైలు మూసివేయలేము. సత్యం తెలిసిన తరువాత వచ్చే క్షమాపణకే బలం ఉంటుంది. న్యాయం కోరడం పగ తీర్చుకోవడం కాదు. పగవాడు రక్తం కోరతాడు. న్యాయం కోరేవాడు నిజం కోరతాడు.

మన ఇంటిలో

ఇది దిల్లీ పెద్దల పని, మనకెందుకు అనకండి. సైన్యంలో ఉన్న బిడ్డలు మన ఇళ్ల నుండి వెళ్లినవారే. వారు సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టెలో ఏమి తెచ్చారని అడుగుతాము. మనసులో ఏమి మోసుకొచ్చారో అడగము. కొందరు చూడకూడనివి చూసి, చెప్పుకొనే చోటు లేక మౌనంగా కుమిలిపోతారు. తల్లులారా, తండ్రులారా, వారి పక్కన కూర్చొని వినండి. వారికి పాపసంకీర్తనం ఒక తలుపు. ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పల్లెలో తగాదా జరిగినప్పుడు కూడా మనం చిన్న న్యాయస్థానమే. మనవాడు తప్పు చేస్తే కప్పిపుచ్చి, ఎదుటివాడు చేస్తే పంచాయితీ పెట్టే ఇంట్లో పెరిగిన పిల్లవాడికి రేపు యూనిఫారం వేస్తే వాడు అదే చేస్తాడు. రెండు తూకపు రాళ్లు మొదట ఇంట్లోనే తయారవుతాయి.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత ఈ ప్రశ్నలు చర్చించుకోండి:

1. లూకా సువార్త 3:10-14 చదవండి. స్నాపక యోహాను సైనికులకు చెప్పిన మాటలు నేటి పోలీసులకు, సైనికులకు, ఉద్యోగులకు ఎలా వర్తిస్తాయి?

2. కట్ట తెంచిన రైతును అడగవలసిన మూడు ప్రశ్నలు ఏమిటి? మీ జీవితంలో ఎప్పుడైనా అవి వేసుకొన్నారా?

3. మన పక్షంవారి తప్పును మనం దాచిన సందర్భం ఏదైనా ఉందా? దానివల్ల ఎవరికి నష్టం కలిగింది?

4. రెండవ సమూయేలు గ్రంథం 11, 12 అధ్యాయాలలో దావీదు రాజు ఊరియాను తన చేతితో చంపలేదు. యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టించాడు. నాతాను ప్రవక్త ఎవరిని నిలదీశాడు?

ఆ తల్లి కోరిన పూజ మరుసటి ఆదివారం చెప్పాను. విశ్వాసుల ప్రార్థనలో ఆమె రెండు కోరికలూ విడివిడిగా చదివించాను. మొదటి దానికి గుడిలో అందరూ బిగ్గరగా “ప్రభువా, మా మొర ఆలకించుము” అన్నారు. రెండవ దానికి ఒక్క క్షణం నిశ్శబ్దం. తరువాత ముందుగా ఒక్క గొంతు వినిపించింది. అది ఆమెదే. మిగతావారు ఆ వెనుక అందుకొన్నారు.

ఈ ఆదివారం మీ గుడులలోనూ ఆ రెండవ ప్రార్థన చేర్చమని కోరుతున్నాను.